ఎయిర్‌పోర్టులో కూర్చుని ఆఫీసు పని నడపాలంటే ఏం ఏర్పాట్లు చేసుకోవాలి? (గన్నవరం – ఢిల్లీ – గ్వాంగ్‌జౌ)

గుంటూరు మిర్చి ఎక్స్‌పోర్ట్:

అందరికీ నమస్తే. మాది గుంటూరు, ఎండుమిర్చి ఎగుమతి. పెద్ద కంపెనీ ఏం కాదండీ, మిర్చి యార్డుకి దగ్గర్లో చిన్న ఆఫీసు, ఒక గుమస్తా, లెక్కలు చూసే ఒక అమ్మాయి, సరుకు కోల్డ్ స్టోరేజీలో, అంతే. వచ్చే నెల తేజ రకం మిర్చి కొనే పార్టీలని కలవడానికి గన్నవరంలో ఎక్కి ఢిల్లీ మీదుగా చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్తున్నాను, తిరిగి వచ్చేటప్పుడు మలేషియా, సింగపూర్ కూడా చూసుకుని రావాలని ఉంది.

నా బాధ ఫ్లైటులో ఉన్న గంటల గురించి కాదు, ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు కాసే గంటల గురించి. సరిగ్గా అప్పుడే అందరికీ మనతో పని పడుతుంది. పోయిన ట్రిప్పులో ఒక విదేశీ ఎయిర్‌పోర్టులో దిగి తర్వాతి ఫ్లైటు కోసం కూర్చున్నాను, ఇక్కడ చెన్నై పోర్టుకి బయల్దేరిన మా లారీ కావలి దాటాక యాక్సిల్ విరిగి రోడ్డు పక్కన ఆగిపోయింది. సరుకు లారీలో పోవడానికి జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు టైము ఆ రాత్రితో అయిపోతుంది, పొడిగించాలంటే సైటులో లాగిన్ కావాలి, లాగిన్ కావాలంటే ఓటీపీ నా నంబరుకి రావాలి, నా సిమ్‌కేమో అక్కడ సిగ్నల్ లేదు. పోనీ వైఫై పట్టుకుని వాట్సాప్‌లో అయినా మాట్లాడదామంటే ఆ వైఫై కూడా ఫోన్ నంబరు అడిగి దానికి ఓటీపీ పంపిస్తానంటుంది! గుమస్తా ఇక్కణ్ణుంచి ఫోన్ల మీద ఫోన్లు, డ్రైవరు గుమస్తాకి ఫోన్లు, అవతల కంటైనర్ పోర్టులోకి వెళ్లడానికి కటాఫ్ టైము దగ్గర పడుతుంది. ఆ టెన్షన్ ఇంకొకసారి వద్దు.

అందుకని అడుగుతున్నాను. తరచుగా తిరిగేవాళ్లు ఎయిర్‌పోర్టులో నెట్, ఓటీపీలు, బ్యాంకు పనులు ఎలా సర్దుకుంటున్నారు? అక్కడి ఉచిత వైఫైలో బ్యాంకు సైటు తెరవొచ్చా? ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే చాలా, లేక ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే వేసుకునే సిమ్) కొనాలా? చైనాలో వాట్సాప్ నడవదంటున్నారు, మరి ఇక్కడి ఆఫీసుతో మాట్లాడేదెలా? మీకు తెలిసినవి చెప్పండి, వివరంగా రాసినా ఓపిగ్గా చదువుకుంటాను.

---

ఆడిట్ ఆఫీసు, గవర్నర్‌పేట:

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర జీఎస్టీ పని చూస్తాను. మీ పోస్టు చదివాక ముందుగా ఒక మాట చెప్పాలనిపించింది, మీకు కావాల్సింది మంచి నెట్ కాదండీ, మీ నంబరుకి ఓటీపీ రాకపోయినా పని జరిగే ఏర్పాటు. నెట్ ఎంత బాగున్నా ఓటీపీ రాకపోతే మీరు చేయగలిగింది ఏమీ లేదు.

ఈ-వే బిల్లు సంగతి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ సైటులో అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి అయింది, అంటే పాస్‌వర్డు కొట్టాక ఓటీపీ కూడా కావాలి. కానీ ఆ ఓటీపీ ఎస్ఎంఎస్‌గానే రావాలని ఎక్కడా లేదు. ఈ సైటు నడిపే ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్లది జీఎస్టీ షీల్డ్ అని ఒక యాప్ ఉంది, ఈ-వే బిల్లు సైటులో లాగిన్ అయ్యాక మెనూలో టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ అనే చోట దాన్ని డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. ఒకసారి రిజిస్టర్ చేసుకుంటే ఆ యాప్ తెరవగానే ఓటీపీ కనిపిస్తుంది, 30 సెకన్లకొకసారి మారుతుంది, దానికి సిగ్నల్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఫోన్లో టైము మాత్రం ఆటోమేటిక్‌లో ఉండాలి, చేత్తో మార్చి పెట్టుకుంటే నంబరు కలవదు. మీ కేసుకి ఇది అచ్చంగా సరిపోతుంది.

అంతకన్నా ముఖ్యమైంది సబ్ యూజర్. మీ లాగిన్‌లోనుంచే మీ లెక్కల అమ్మాయికి వేరే యూజర్ ఐడీ ఇవ్వొచ్చు, ఆ ఐడీకి ఓటీపీ ఆ అమ్మాయి నంబరుకే వెళ్తుంది, ఏ పనులు చేయొచ్చో మీరే నిర్ణయిస్తారు. చాలామంది మెయిన్ పాస్‌వర్డు గుమస్తాకి చెప్పేసి, ఓటీపీ వచ్చినప్పుడల్లా ఫోన్లో చదివి వినిపిస్తూ ఉంటారు, ఇది మా ఆఫీసుకి వచ్చే పార్టీల్లో సగం మంది దగ్గర చూస్తాం, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. సబ్ యూజర్ ఉంటే ఎవరు ఏ బిల్లు తీశారో రికార్డు ఉంటుంది, ఆ అమ్మాయి రేపు ఉద్యోగం మానేసినా ఆ ఐడీ ఒక్కటి ఆపేస్తే సరిపోతుంది.

ఇంకొకటి, మీరు చెప్పిన లారీ విషయంలో ఇది అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది. ఈ-వే బిల్లులో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ వేసి ఉంటే టైము పొడిగించాల్సింది ట్రాన్స్‌పోర్టరే, మీరు కాదు. ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున టైము ఇస్తారు, అది అయిపోవడానికి 8 గంటల ముందు నుంచి అయిపోయాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. బండి ఆగిన ఊరు, పిన్‌కోడ్, కారణం, ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవాలి అన్నవి వేస్తే అయిపోతుంది, ఐదు నిమిషాల పని. జీఎస్టీ లేని చిన్న ట్రాన్స్‌పోర్టర్ అయినా ఈ-వే బిల్లు సైటులో నమోదు చేసుకుని ఐడీ తెచ్చుకోవచ్చు. మీరు ఊరెళ్లేముందు మీ లారీ ఆఫీసువాళ్లకి ఈ పని తెలుసో లేదో, రాత్రిపూట ఎవరు చేస్తారో కనుక్కోండి. సాయంత్రం ఆరింటికే షట్టర్ దించేసే ఆఫీసు అయితే మాత్రం కష్టం.

బ్యాంకు గురించి కూడా. మీది కరెంటు అకౌంటు కాబట్టి మీ బ్రాంచిలో అడిగి నెట్‌బ్యాంకింగ్‌లో ఇద్దరు యూజర్లని పెట్టించుకోండి, ఒకరు పేమెంటు తయారుచేసి పెడతారు, ఇంకొకరు ఆమోదిస్తారు. తయారుచేసేది ఆఫీసులో అమ్మాయి, ఆమోదించేది ఇంట్లో మీ ఆవిడో తమ్ముడో అయితే కమీషన్ కొట్టుకి కట్టాల్సిన డబ్బు మీరు గాల్లో ఉన్నా ఆగదు. దీనికి కాగితాలు, సంతకాలు ఉంటాయి, రోజులు పడుతుంది, వచ్చే నెల ప్రయాణం అంటే ఈ వారమే మొదలుపెట్టాలి.

---

నెట్‌వర్క్ పని, పటమట:

పై పోస్టులో ప్రతి మాటా నిజం. నేను వైఫై, సిమ్ సంగతులు చెప్తాను, నా పనే అది.

మన ఎయిర్‌పోర్టుల్లో ఉచిత వైఫై ఉంటుంది, కానీ మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితేనే నెట్. మనవాళ్లకి ఇక్కడ ఇబ్బంది లేదు. మీ బయ్యరు చైనా నుంచి మన దేశానికి వచ్చినప్పుడు అతనికి అదే ఇబ్బంది, పెద్ద ఎయిర్‌పోర్టుల్లో పాస్‌పోర్టు స్కాన్ చేసి కోడ్ ఇచ్చే మెషీన్లు పెట్టింది అందుకే. బయటి దేశాల్లోనూ ఇలాంటి మెషీన్లు చాలా చోట్ల ఉన్నాయి, సింగపూర్ చాంగీలో ఉన్నాయి, చైనాలోనూ పెద్ద వాటిల్లో ఉంటాయి. మీకు పోయినసారి వైఫై ఓటీపీ అడిగిన చోట కూడా ఇన్ఫర్మేషన్ కౌంటర్ దగ్గర ఇలాంటిది ఉండే ఉంటుంది, దిగగానే దానికోసం అడగండి.

కొన్నిసార్లు వైఫై కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది కానీ లాగిన్ పేజీ రాదు. దీనికి మామూలుగా రెండు కారణాలు, ఫోన్లో వీపీఎన్ (మన నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఆన్‌లో ఉండటం, లేదా ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనేది ఒక సర్వర్‌కి కట్టేసి ఉండటం. రెండూ ఆపి, బ్రౌజర్‌లో నెవర్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com) అని కొడితే ఆ పేజీ బయటికొస్తుంది. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్లీ వేసుకోండి.

ఇక బ్యాంకు సైటు తెరవొచ్చా అన్నారు. సైటు పేరు ముందు తాళం గుర్తు ఉన్నప్పుడు మధ్యలో వినేవాడికి మీ పాస్‌వర్డు కనపడదు, ఆ భయం పాతది. ఇప్పుడున్న అసలు ప్రమాదం దొంగ వైఫై. ఎవడో పక్క కుర్చీలో చిన్న పరికరం పెట్టుకుని ఎయిర్‌పోర్టు వైఫై పేరే తనదానికీ పెడతాడు, మీరు దానికి కనెక్ట్ అవుతారు, లాగిన్ పేజీలో మీ ఈమెయిలు, దాని పాస్‌వర్డు కొట్టమంటుంది. 2024లో ఆస్ట్రేలియా పోలీసులు ఒకడి మీద ఇలాంటి కేసే పెట్టారు, పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ ఎయిర్‌పోర్టుల్లోనూ విమానాల్లోనూ ఇదే పద్ధతి, ఫ్లైటులో అనుమానాస్పద వైఫై కనపడటంతో ఎయిర్‌లైన్ సిబ్బందే పట్టించారు. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, వైఫై పేజీ మీ నంబరు అడగొచ్చు, ఓటీపీ అడగొచ్చు, మీ జీమెయిల్ పాస్‌వర్డు మాత్రం అడగకూడదు. అడిగితే వెంటనే డిస్‌కనెక్ట్ చేసేయండి.

నేనైతే డబ్బుకి సంబంధించిన పని ఏదైనా సొంత సిమ్ డేటా మీదే చేస్తాను. లాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తాను. హాట్‌స్పాట్ ఇవ్వగానే విండోస్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి మీటర్డ్ కనెక్షన్ అని పెట్టుకోండి, లేకపోతే విండోస్ అప్‌డేట్ అని, ఫోటోల బ్యాకప్ అని మీ రోమింగ్ డేటా మొత్తం అరగంటలో తాగేస్తుంది.

గన్నవరంలో 5జీ బాగా రాదని చాలామంది అంటుంటారు కదా, ఏ ఎయిర్‌పోర్టులో అయినా దీనికి ఒక కారణం ఉండొచ్చు. 2022 నవంబరులో టెలికాం శాఖ, రన్‌వే రెండు కొసల నుంచి 2.1 కిలోమీటర్ల లోపు, మధ్య గీత నుంచి 910 మీటర్ల లోపు సీ-బ్యాండ్ 5జీ టవర్లు పెట్టొద్దని కంపెనీలకి ఆదేశం ఇచ్చింది, విమానం ఎత్తు కొలిచే ఆల్టీమీటర్లకి అడ్డు రాకుండా. అందుకని ఫోన్ 5జీ కోసం వెతుకుతూ బ్యాటరీ తింటుంటే సెట్టింగుల్లో 4జీకి మార్చేయండి, కాల్ కూడా నిలకడగా ఉంటుంది.

ఈ-సిమ్ సంగతి. రెండు సిమ్‌ల ఫోన్ ఉంటే ఇండియా సిమ్ ఒకటి ఓటీపీలకి, ఇంకోటి ఆ దేశం డేటాకి. ఇండియా సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకోవాలి, డేటా రోమింగ్ ఆపేసినా ఎస్ఎంఎస్‌లు వస్తాయి. ఒక హెచ్చరిక, ఇది చాలామందికి తెలియదు: ఉన్న సిమ్ మార్చినా, అదే నంబరుని ఈ-సిమ్‌గా మార్చుకున్నా ఆ తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారు, మన నంబరు మీద వేరేవాడు సిమ్ తీసుకునే సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన. ప్రయాణం రోజున షాపుకెళ్లి ఈ-సిమ్ చేయించుకుంటే ఆ రోజంతా ఒక్క ఓటీపీ కూడా రాదు. వారం ముందే కానిచ్చేయండి.

ఫ్లైటు ఎక్కాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. విదేశీ ఫ్లైట్లలో కొన్నింటికి లోపలే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, రోమింగ్ ఆన్‌లో ఉన్న ఫోన్ దాన్ని పట్టుకుంటే బిల్లు వేలల్లో వస్తుంది.

---

గుంటూరు మిర్చి ఎక్స్‌పోర్ట్:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ. ట్రాన్స్‌పోర్టరే పొడిగించాలన్న సంగతి నిజంగా నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడే మా లారీ ఆఫీసుకి ఫోన్ చేశాను, వాళ్లకి ఐడీ ఉంది కానీ రాత్రి చేసే మనిషి లేడట, వాళ్లబ్బాయికి నేర్పిస్తామన్నారు.

ఇంకో చిక్కు ఉంది. మా జీఎస్టీలో ఉన్న మొబైల్ నంబరు నాది కాదు. మా నాన్నగారు రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు అప్పటి ఆడిటర్ ఆఫీసు నంబరే ఇచ్చారు, ఈ-వే బిల్లు సైటులో మాత్రం తర్వాత నాది పెట్టినట్టు గుర్తు. ఇది మార్చాలంటే ఎన్నాళ్లు పడుతుంది? అలాగే చైనా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడి సంగతి చెప్పండి, నా భయమంతా దాని మీదే.

---

ఆటోనగర్ స్పేర్స్:

చైనా సంగతి నన్నడగండి తమ్ముడూ. మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు, క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకి గ్వాంగ్‌జౌ వెళ్తుంటాను, ఏటా వసంతంలో ఒకసారి, అక్టోబరులో మొదలై ఇంకోసారి జరుగుతుంది అది.

అక్కడ గూగుల్, జీమెయిల్, వాట్సాప్ ఏవీ అక్కడి వైఫైలో తెరుచుకోవు. ఎయిర్‌పోర్టు వైఫై అయినా, హోటల్ వైఫై అయినా, అక్కడి సిమ్ కొన్నా అంతే. కానీ మన ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే అన్నీ మామూలుగా నడుస్తాయి. ఎందుకంటే రోమింగ్‌లో ఉన్న ఫోన్ డేటా అక్కడి టవరుదే వాడుకున్నా నేరుగా మన దేశంలోని కంపెనీ దగ్గరికి వచ్చి ఇక్కణ్ణుంచి నెట్‌లోకి వెళ్తుంది. కాబట్టి చైనాకి మాత్రం లోకల్ సిమ్ ఆలోచన వదిలేసి ఇండియా నంబరు మీదే రోమింగ్ ప్యాక్ వేసుకో. ప్యాక్‌లో ఏయే దేశాలు ఉన్నాయో లిస్టు చూసుకో, చైనా అందులో ఉందో లేదో, నువ్వు తిరిగొచ్చేటప్పుడు ఆగే మలేషియా, సింగపూర్ ఉన్నాయో లేదో. డేటా ఎక్కువ ఉన్న ప్యాక్ తీసుకో, ఎందుకంటే చైనాలో వైఫై నీకు పెద్దగా పనికిరాదు, మొత్తం దీని మీదే.

మీ బయ్యర్లు వీచాట్‌లో (వాళ్ల వాట్సాప్ లాంటిది) మాట్లాడదాం అంటారు, అది మన దేశంలో 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి. వాళ్లకి ముందే ఈమెయిలు ఇచ్చి, ఆర్డరు, రేటు, పేమెంటు షరతులు అన్నీ మెయిల్‌లోనే రాయించుకో. ఎయిర్‌పోర్టులో కూర్చుని నిన్న ఏం అనుకున్నామో చూసుకోవాలన్నా, రేపు మాట తేడా వచ్చినా మెయిలే అక్కరకొస్తుంది.

పవర్ బ్యాంక్ గురించి జాగ్రత్త. చెకిన్ లగేజీలో అస్సలు పెట్టకూడదు, చేతి సంచిలోనే. 100 వాట్ అవర్ లోపల అయితే మామూలుగా అనుమతిస్తారు, 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్ అవుతుంది కాబట్టి పర్లేదు. దాని మీద అచ్చు స్పష్టంగా ఉండాలి, అరిగిపోయి కనపడకపోతే సెక్యూరిటీలో తీసేసుకుంటారు. చైనాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫ్లైటులో వెళ్లాలనుకుంటే ఇంకో మెలిక ఉంది, 2025 జూన్ 28 నుంచి అక్కడి దేశీయ విమానాల్లో వాళ్ల నాణ్యతా ధ్రువీకరణ సీసీసీ గుర్తు లేని పవర్ బ్యాంకులు ఎక్కనివ్వట్లేదు. నువ్వు ఇక్కడ కొన్నదానికి ఆ గుర్తు ఉండకపోవచ్చు. గ్వాంగ్‌జౌ నుంచి యివూ లాంటి చోటికి నేను రైల్లో వెళ్లమంటాను, ఫోన్ దారిలో చాలావరకు పనిచేస్తుంది. రైల్లోనూ సామాను స్కాన్ చేస్తారు, అక్కడ కూడా అచ్చు కనపడే పవర్ బ్యాంకే పెట్టుకో.

చైనా, మలేషియా, సింగపూర్ మూడూ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటాయి. మన యార్డులో బేరాలు జోరుగా నడిచే పదింటికి నీకు అక్కడ పన్నెండున్నర. ఫ్లైటు బుక్ చేసేటప్పుడే ఆ టైములో గాల్లో ఉండకుండా చూసుకుంటే సగం సమస్య తీరిపోతుంది.

మా బావమరిది దుబాయ్ మీదుగా వెళ్తుంటాడు, అక్కడ ఎయిర్‌పోర్టు వైఫై ఉచితం, స్పీడు బాగుంటుంది, కానీ వాట్సాప్‌లో మెసేజీలే, కాల్ వెళ్లదు. ఆ దేశంలో వాట్సాప్ కాల్స్ ఆపేశారు. మీరెవరైనా ఆ దారిలో వెళ్తే ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, కంగారు పడకుండా.

---

సోమవారం ఫ్లైటు:

నేను విజయవాడలో ఉంటూ బెంగళూరు క్లయింటుకి పనిచేస్తాను, సోమవారం పొద్దున గన్నవరం, శుక్రవారం రాత్రి మళ్లీ గన్నవరం. అన్నయ్య గారూ, అందరూ సిమ్‌లు, ఓటీపీలు చెప్పారు కాబట్టి నేను కూర్చుని పనిచేయడం గురించే చెప్తాను.

ఎయిర్‌పోర్టులో వీడియో కాల్ పెట్టుకోకండి. పక్కన పిల్లల ఏడుపు, ట్రాలీల చప్పుడు, మధ్యలో బోర్డింగ్ అంటారు, అవతలివాళ్లకి మన మాట సగమే వినిపిస్తుంది. పైగా హైదరాబాద్ లాంటి చాలా ఎయిర్‌పోర్టులు ఇప్పుడు సైలెంట్ ఎయిర్‌పోర్టులు, ప్రతి ఫ్లైటుకీ మైకులో పిలవరు, బోర్డు మనమే చూసుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాల్‌లో మునిగిపోతే గేటు మారిన సంగతి కూడా తెలియదు. చాలా ఎయిర్‌లైన్స్ గేటు 25 నిమిషాల ముందే మూసేస్తాయి. నేను ఫోన్‌లో 40 నిమిషాల ముందుకి అలారం పెట్టుకుంటాను.

ఇంకొకటి, మీ వ్యాపారానికి ఇది చాలా ముఖ్యం. గన్నవరం నుంచి ఎగిరే ఫ్లైటులో సగం మంది మన గుంటూరు, విజయవాడ వాళ్లే. గేటు దగ్గర నిలబడి ఫోన్లో గట్టిగా తేజ ఇంతకి కోట్ చేశాం, ఫలానా పార్టీకి ఇన్ని టిక్కీలు (బస్తాలు) ఇస్తున్నాం అని మాట్లాడితే మీరు ఢిల్లీలో దిగేలోపు ఆ మాట యార్డుకి చేరిపోతుంది. రేట్లు మెసేజ్‌లోనే పంపండి. లాప్‌టాప్‌కి పక్కవాళ్లకి కనపడకుండా చేసే ప్రైవసీ స్క్రీన్ దొరుకుతుంది, అది అతికించుకోండి.

చిన్న ఏటీఆర్ విమానాల్లో ఛార్జింగ్ పాయింట్ ఉండదు. ఎయిర్ ఇండియా 2025 జనవరి 1 నుంచి కొన్ని దేశీయ ఫ్లైట్లలో వైఫై ఇస్తోంది, అది కూడా ఎ350, 787-9, కొన్ని ఎ321 నియో విమానాల్లోనే, మనకి దొరికే దాంట్లో ఉంటుందనుకుని ఏ పనీ పెట్టుకోవద్దు. ఆఫ్‌లైన్‌లో చేసుకోగలిగిన పని ముందే దింపుకోండి. క్రోమ్‌లో జీమెయిల్ ఆఫ్‌లైన్ అని పెట్టుకుంటే నెట్ లేకపోయినా మెయిళ్లు రాసి పెట్టుకోవచ్చు, నెట్ రాగానే వాటంతట అవే వెళ్తాయి. ప్యాకింగ్ లిస్టు, ఇన్‌వాయిస్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకుకి చీడపీడలు లేవని ఇచ్చేది) కాపీలు ఫోన్‌లో ఫోల్డర్‌గా ఉంటే క్లియరింగ్ ఏజెంట్ అడగ్గానే పంపొచ్చు, డ్రైవ్ లింకు తెరుచుకోవడం కోసం ఎదురుచూడక్కర్లేదు.

వాట్సాప్ లాప్‌టాప్‌లో లింక్ చేసి ఉంచుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా 14 రోజుల దాకా అది పనిచేస్తుంది.

ముఖం స్కాన్ చేసి లోపలికి పంపే డిజియాత్ర మన విజయవాడలో మొదట్లోనే వచ్చింది, ఢిల్లీ, బెంగళూరు, వారణాసితో మొదలైన తొలి ఏడు ఎయిర్‌పోర్టుల్లో మనదొకటి. గన్నవరం నుంచి ఢిల్లీ దాకా మీకు అది పనికొస్తుంది, లైనులో ఆదా అయిన సమయం మెయిళ్లకి వాడుకోవచ్చు. విదేశీ ప్రయాణానికి అది లేదు. ఢిల్లీ నుంచి బోర్డింగ్ పాస్ ప్రింటు చేతిలో ఉంచుకోండి.

---

మంగళగిరి నుంచి:

నెట్‌వర్క్ పని గారూ, మీరు చెప్పింది బాగుంది కానీ ప్రతిదానికీ రోమింగ్ డేటా వాడమంటే చిన్న వ్యాపారులకి ఖర్చు. సింగపూర్‌లో నాలుగు గంటలు కూర్చుంటే ఉచిత వైఫై వదిలేసి డబ్బులెందుకు పోయాలి? నేను బ్యాంకు యాప్ కూడా వైఫైలోనే వాడతాను. అలాగే ఎయిర్‌పోర్టులో కుర్చీల దగ్గర ఉండే యూఎస్‌బీ పాయింట్లలో ఛార్జింగ్ పెట్టొద్దంటారు, అది నిజమా, ఊరికే భయపెట్టడమా?

---

నెట్‌వర్క్ పని, పటమట:

మంగళగిరి అన్నా, వైఫై వద్దని నేననలేదు. ఫైళ్లు దించుకోవడం, మామూలు మెయిలు, పేపరు చదవడం అన్నీ వైఫైలోనే చేయండి, పేరు మాత్రం ఎయిర్‌పోర్టు బోర్డు మీద ఉన్నదే అక్షరం పొల్లుపోకుండా చూసుకుని కనెక్ట్ అవ్వండి. బ్యాంకు యాప్ బ్రౌజర్ కన్నా భద్రమే, అది తన సర్వర్‌ని తనే సరిచూసుకుంటుంది. కానీ ఒక పేమెంటు చేయడానికి పట్టే డేటా రెండు మూడు ఎంబీ కూడా ఉండదు, ఆ కాస్త దానికి కోట్లు తిరిగే కరెంటు అకౌంటుని ఎవరిదో తెలియని వైఫై మీద ఎందుకు పెట్టాలి అన్నదే నా అభిప్రాయం. ఆ ఐదు నిమిషాలు సిమ్ డేటాకి మార్చుకుని మళ్లీ వైఫైకి వచ్చేయండి, ఖర్చు తెలియను కూడా తెలియదు.

యూఎస్‌బీ పాయింట్ల గురించి ఆర్‌బీఐ 2022లో మోసాల మీద వేసిన చిన్న పుస్తకంలో కూడా హెచ్చరించింది, జ్యూస్ జాకింగ్ అంటారు దాన్ని. కేబుల్‌లో కరెంటుతోపాటు డేటా తీగలు కూడా ఉంటాయి కాబట్టి ఆ వీలుంది. పరిష్కారం తేలిక, మీ సొంత ఛార్జర్ గోడ సాకెట్‌లో పెట్టండి. మిర్చి అన్నయ్య గారూ, సింగపూర్, మలేషియాల్లో మూడు చదరపు పిన్నుల సాకెట్ ఉంటుంది, మన గుండ్రటి మూడు పిన్నులు అందులో పట్టవు. ఇక్కడే విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక యూనివర్సల్ అడాప్టర్ కొనుక్కోండి, ఎయిర్‌పోర్టు లోపల అదే వస్తువు రేటు చాలా ఎక్కువ.

ఎప్పుడైనా డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బయటి దేశంలో ఉంటే ఆ నంబరు కలవకపోవచ్చు, ఇంట్లోవాళ్ల చేత ఇక్కణ్ణుంచి చేయించండి, బ్యాంకు వాళ్ల విదేశీ కాల్స్ నంబరు కూడా కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

---

ఆడిట్ ఆఫీసు, గవర్నర్‌పేట:

మిర్చి గారూ, మొబైల్ నంబరు మార్చడం గురించి. జీఎస్టీ పోర్టల్‌లో నాన్-కోర్ సవరణ కింద వస్తుంది, ఆఫీసరు ఆమోదం అక్కర్లేదు, ప్రమోటర్ లేదా సంతకం పెట్టే వ్యక్తి ట్యాబ్‌లో కొత్త నంబరు, ఈమెయిలు వేసి ఓటీపీలతో నిర్ధారించి డిజిటల్ సంతకంతోనో ఈవీసీతోనో (అంటే సంతకం బదులు ఓటీపీతో) పంపాలి. ఈవీసీ అయితే ఆ ఓటీపీ పాత నంబరుకి, అంటే ఆ పాత ఆడిటర్ ఆఫీసుకి వెళ్లొచ్చు, కాబట్టి ముందు వాళ్లతో ఒక మాట మాట్లాడి పెట్టుకోండి, ఆ నంబరు ఇంకా వాళ్ల దగ్గర ఉందో లేదో కూడా తెలియాలి కదా. డిజిటల్ సంతకం ఉండే డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటిది) మీ దగ్గరుంటే ఆ గొడవ లేదు. మార్పు పోర్టల్‌లో కనిపించాక ఈ-వే బిల్లు సైటులో కూడా వివరాలు అప్‌డేట్ చేసుకోవాలి, అది దానంతటది మారదు.

ఆ డాంగిల్ మీతోపాటు చైనా తీసుకెళ్లొద్దు, దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టండి. మీరు లేనప్పుడు మీ తరఫున పని జరగాలంటే అది సంతకం పెట్టే ఇంకో వ్యక్తి పేరు మీద విడిగా తీయించుకోవడమే పద్ధతి, మీది వేరేవాళ్ల చేతిలో పెట్టడం కాదు.

సబ్ యూజర్ పెట్టాక ఒక పని చేయండి. మీ ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి, మీ లెక్కల అమ్మాయిని ఒక ఈ-వే బిల్లు తీయమనండి, బ్యాంకులో మీ ఇంట్లోవాళ్ల చేత ఒక చిన్న పేమెంటు ఆమోదింపజేయండి. ఎక్కడ ఆగిందో గుంటూరులోనే తెలిసిపోతుంది. ఏ స్క్రీన్ దగ్గర ఆగినా ఇక్కడ రాయండి, పదిన్నర తర్వాత ఆఫీసులో సిస్టమ్ ముందే ఉంటాను, చూసి చెప్తాను. 20వ తారీకు దగ్గర మాత్రం రిటర్నుల హడావుడి, అప్పుడు జవాబు రాత్రికే.